పాశ్చాత్య వేషధారణ నృత్యసభలు: జంట నృత్యానికి ఆహార్య యోగ్యత

ఉపోద్ఘాతం

ఆహార్యాభినయాన్ని వివరించే సందర్భంలో నాట్యశాస్త్రం ఆచరణకు సంబంధించిన ఒక హెచ్చరిక చేసింది. పాత్రధారులకు బరువైన ఆభరణాలు మితిమీరి తొడగరాదు. వాటితో కదిలేవారు చెమటలు పట్టి అలసిపోతారు, మూర్ఛపోవచ్చు కూడా. అందుచేత లక్కతోను, పలుచని రేకులతోను తేలికగా నగలు చేయించాలని శాస్త్రకారుడు సూచించాడు. సౌందర్యం, పాత్రౌచిత్యాలతోపాటు కదలికకు అనువుగా ఉండటం కూడా ఆహార్య లక్షణమేనని దీనివల్ల తెలుస్తుంది. అయితే ఈ సూత్రంలో వేషభారాన్ని మోసేది ఒక్క శరీరమే. ఇద్దరు ఒకరినొకరు పట్టుకొని తిరిగే నృత్యంలో ఒకరు ధరించిన వేషం రెండోవారి చేతికి, కాలికి, చూపుకు కూడా అడ్డు తగులుతుంది. అటువంటి నృత్యానికి వేషాన్ని ఎంచుకొనేటప్పుడు ఏది ప్రమాణం?

19వ శతాబ్దపు పాశ్చాత్య వేషధారణ నృత్యసభలు ఈ ప్రశ్నను పరిశీలించడానికి తగిన క్షేత్రం. మన పగటివేషగాడు ప్రేక్షకుల కోసం వేషం కడతాడు. ఈ సభల్లో ఆహూతులే వేషధారులు, వారే ప్రేక్షకులు, వారే నర్తకులు. చూపులకు చారిత్రక వ్యక్తిగానో కల్పిత పాత్రగానో కనిపిస్తూనే గంటల తరబడి నృత్యం చేయవలసి ఉంటుంది. ఈ రెండు అవసరాల మధ్య ఘర్షణను ఆనాటివారు మూడు విధాలుగా పరిష్కరించుకొన్నారని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం: వేషానికి తగిన నృత్యాన్ని ఎంచుకోవడం, నృత్యానికి తగినట్లు వేషాన్ని మలచుకోవడం, నృత్యాన్ని తగ్గించి ప్రదర్శనకు ప్రాధాన్యమివ్వడం.

పూర్వరంగం: నిప్పు, ముసుగు

వేషం తోటివారికి కూడా సంబంధించినదన్న సత్యానికి అతి దారుణమైన తొలి నిదర్శనం 1393 జనవరి 28న పారిస్‌లోని సెయింట్ పోల్ రాజనివాసంలో కనిపిస్తుంది. ఫ్రాన్సు రాజు ఆరవ చార్లెస్, మరి ఐదుగురు ప్రభువంశీయులు అడవి మనుషుల వేషాలు వేశారు. నార బట్టకు జిగురు పూసి, దానిపై రోమాల్లాగా పీచు అంటించారు. కొందరిని గొలుసుతో ఒకరికొకరిని బంధించారు. దగ్గరకు వచ్చిన దివిటీ నుంచి నిప్పంటుకోగానే ఆ బంధనమే మృత్యుపాశమైంది. నలుగురు మరణించారు. ఒకరు నీటితొట్టిలో దూకి బ్రతికారు. రాజును బెర్రీ ప్రభువు భార్య తన గౌను చెరగు కప్పి కాపాడింది. ఒకరి వేషం మరొకరిని దహించింది. మరొకరి వస్త్రం ఒకరిని బ్రతికించింది.

18వ శతాబ్దంలో వెనిస్‌లోను, లండన్ హేమార్కెట్‌లోను జరిగిన ముసుగు నృత్యసభల్లో డామినో అనే వేషం బాగా ప్రచారంలో ఉండేది. అది తలను, ఒంటిని కప్పే వదులైన పైవస్త్రం. పాత్రస్వభావం ఏదీ లేకపోయినా, మామూలు దుస్తులపైన వేసుకోవడానికి వీలైనది, ఎక్కడా పొడుచుకొని వచ్చే భాగాలు లేనిది. పైగా నాటి మిన్యుయెట్, కంట్రీ డాన్స్ వంటి నృత్యాల్లో జంట స్పర్శ చేతివేళ్ళకే పరిమితం. ఇద్దరి మధ్య చేయిచాపు దూరం ఉండేది కాబట్టి విశాలమైన వేషాలకు కూడా చోటు దక్కింది.

వాల్ట్జ్ తెచ్చిన మార్పు

వాల్ట్జ్ ఈ దూరాన్ని చెరిపివేసింది. ఈ నృత్యంపై బైరన్ వ్యంగ్యకావ్యం 1813లో వెలువడింది. 1816లో టైమ్స్ పత్రిక దీన్ని అసభ్యమని ఖండించింది. 1844లో పోల్కా కూడా లండన్ చేరింది. నీతివాదులు ఈ సాన్నిహిత్యాన్ని శీలసమస్యగా చూశారు. వేషధారికి మాత్రం అది స్థలసమస్య.

నృత్యభంగిమను గమనిస్తే ఈ సమస్య స్పష్టమవుతుంది. పురుషుడి కుడిచేయి స్త్రీ నడుము చుట్టూ గాని, వీపుపై గాని ఉంటుంది. ఎడమచేయి ఆమె కుడిచేతిని పట్టుకొంటుంది. అంటే దండం, త్రిశూలం, పూలబుట్ట వంటి పాత్రచిహ్నాలను పట్టుకోవడానికి ఎవరికీ చేయి ఖాళీ ఉండదు. దేవకన్యకో తుమ్మెదకో రెక్కలు కట్టే చోటు, తోటి నర్తకుడు చేయి వేయవలసిన చోటు ఒకటే. జంట తన చుట్టూ తాను తిరుగుతూ సభామండపాన్ని చుట్టివస్తుంది కాబట్టి, వెనుక నేలపై జీరాడే గౌను అంచు తిరిగి తిరిగి ఇద్దరి కాళ్ళకూ చుట్టుకొంటుంది. పురుషుడి నడుమున వేలాడే కత్తి తోటివారి మోకాళ్ళకు తగులుతుంది; అతని బూట్ల ముళ్ళు గౌనును చింపుతాయి. సైనికాధికారులు నృత్యానికి ముందు కత్తిని, బూటుముళ్ళను తీసివేయాలన్న మర్యాద ఇందుకే ఏర్పడింది. జీరాడే గౌనులకు అంచున చిన్న ముడి కుట్టి, నృత్యవేళ దాన్ని మణికట్టుకు తగిలించుకొనే ఏర్పాటు కూడా ఈ అవసరం నుంచి పుట్టినదే.

1856 నుంచి ప్రచారంలోకి వచ్చిన ఉక్కు కట్ల క్రినోలిన్ మరో చిక్కు తెచ్చింది. పురుషుడు దగ్గరకు వచ్చినప్పుడు అది ఒకవైపు నొక్కుకుపోయి రెండోవైపు పైకి లేస్తుంది. ఉక్కు కట్లపై పరచుకొన్న పలుచని వస్త్రం తాను ధరించినవారికి తెలియకుండానే కొవ్వొత్తినో, పొయ్యినో తాకగలదు. 1393 నాటి భయం ఈ విధంగా 19వ శతాబ్దంలోనూ సజీవంగానే ఉంది.

వేషానికి తగిన నృత్యం

విక్టోరియా రాణి బకింగ్‌హామ్ భవనంలో నిర్వహించిన సభలు మొదటి పరిష్కారానికి ఉదాహరణలు. 1842 మే 12 నాటి సభకు మూడవ ఎడ్వర్డ్ ఆస్థానం ఇతివృత్తం. రాణి ఫిలిప్పాగా, ఆల్బర్ట్ ఎడ్వర్డ్‌గా కనిపించారు. స్పిటల్‌ఫీల్డ్స్ పట్టునేతగాళ్ళకు పని కల్పించడం ఈ సభ ప్రకటిత ఉద్దేశం. ఆంగ్లేయ వేషచరిత్రను గ్రంథస్థం చేసిన ప్లాంషే వేషాల ప్రామాణికతను పర్యవేక్షించాడు. లాండ్‌సీర్ చిత్రంలో రాజదంపతుల పొడవైన ఉత్తరీయాలు గమనిస్తే, అవి నిలబడటానికీ నడవటానికీ తగినవే గాని చుట్టూ తిరగడానికి తగినవి కావని బోధపడుతుంది. ఈ సభలో దేశాలవారీగా వేషాలు వేసిన బృందాలు క్వాడ్రిల్‌లు చేయడం అందువల్ల సహజం. క్వాడ్రిల్‌లో జంటలు చతురస్రంగా నిలిచి ఎదురెదురుగా నడుస్తాయి.

1845 జూన్ 6 నాటి సభ మరింత సమన్వయంతో సాగింది. ఒక శతాబ్దం వెనుకటి వేషాలకు తోడుగా ఆ కాలపు మిన్యుయెట్‌ను కూడా పునరుద్ధరించారు. పక్కలకు విశాలంగా సాగే గౌను చేయిచాపు దూరంలో జరిగే నృత్యానికి పుట్టినదే. వేషంతోపాటు నృత్యాన్ని కూడా అదే యుగం నుంచి తెచ్చుకొంటే ఘర్షణ తొలగిపోతుంది. వస్త్రచరిత్ర, నృత్యచరిత్ర వేర్వేరు కావని ఈ సభ నిరూపించింది.

నృత్యానికి తగిన వేషం

ఇటువంటి అవకాశం రాజభవనాలకు ఉంది. మామూలు సంపన్న గృహాల సభల్లో వాల్ట్జ్, పోల్కాలే ముఖ్యం. ఈ పాఠకవర్గం కోసం ఆర్డెర్న్ హోల్ట్ రచించిన ‘ఫ్యాన్సీ డ్రెసెస్ డిస్క్రైబ్డ్’ గ్రంథాన్ని లండన్ వస్త్రవ్యాపార సంస్థ డెబెన్‌హామ్ అండ్ ఫ్రీబాడీ 1879లో ప్రచురించింది. 1896 వరకు దీనికి పలు ముద్రణలు వచ్చాయి. 1882లో పురుషుల వేషాలపై వేరొక గ్రంథం వెలువడింది.

అకారాది క్రమంలో సాగే ఈ సూచిలో రాణులు, చారిత్రక స్త్రీలు ఉన్నా, పల్లెపడుచులు, పూలమ్మిలు, ఋతువులు, కీటకాల వంటి వేషాలకు పొట్టి గౌనులు సూచించడం గమనార్హం. కందిరీగ వేషం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. నలుపు, గోధుమ రంగుల పొట్టి గౌను, బూట్లు, పలుచని రెక్కలు దాని అంగాలు. పాదాలు బయటకు కనిపించే గౌను మామూలు నృత్యసభలో మర్యాదకు లోబడదు. వేషం పేరుతో మాత్రం అది ఆమోదం పొందింది. నృత్యసౌలభ్యం ఈ విధంగా స్త్రీకి పరిమితమైన స్వేచ్ఛను కూడా ఇచ్చింది.

ఈ ఎంపికలో స్త్రీకి పణంగా ఉన్నది అలంకారం మాత్రమే కాదు. నాటి మర్యాద ప్రకారం నృత్యానికి ఆహ్వానించవలసినది పురుషుడు. ఆమె వేషం దరిచేరడానికి వీలులేనిదైతే ఆ రాత్రి గోడవారన కుర్చీలోనే గడిచిపోగలదు. యువతీయువకులకు పరిచయ వేదికగా ఉన్న సభలో దీని పర్యవసానం చిన్నది కాదు.

ప్రదర్శనకు ప్రాధాన్యం

శతాబ్దాంతంలోని మహాసభలు మూడో మార్గం పట్టాయి. 1883 మార్చి 26న న్యూయార్క్‌లో వాండర్‌బిల్ట్ దంపతులు ఇచ్చిన సభలో ఆలిస్ వాండర్‌బిల్ట్ ‘విద్యుద్దీపం’ వేషంలో చేత దీపం ఎత్తి పట్టుకొని కనిపించింది. దీపం పట్టిన చేయి నృత్యానికి ఉపకరించదు. నడుముకు కొయ్యగుర్రాలు తగిలించుకొన్నవారి క్వాడ్రిల్ కూడా అక్కడ జరిగింది. గుర్రం నడుమును ఆక్రమించినవారు ఎవరినీ దగ్గరకు తీసుకోలేరు. ముందుగా సాధన చేసిన బృందనృత్యం మాత్రమే వారికి సాధ్యం.

1897 జూలై 2న లండన్ డెవన్‌షైర్ భవనంలో జరిగిన సభకు 1815కు పూర్వపు చారిత్రక వేషాలు గాని, ప్రతీకాత్మక వేషాలు గాని ధరించి రావాలన్న నియమం ఉంది. సుమారు 700 మంది అతిథులు వచ్చారు. గృహిణి డెవన్‌షైర్ డచెస్ పాల్మైరా రాణి జెనోబియాగా దర్శనమిచ్చింది. ఆయా రాజాస్థానాల ఊరేగింపులే ఈ సభకు ప్రధానాకర్షణ. లఫాయెట్ సంస్థ తీసిన ఛాయాచిత్రాల ద్వారానే ఈ సభ నేటికీ ప్రసిద్ధం. అయితే ఆ చిత్రాల్లో వేషం నిశ్చలంగా, ఒంటరిగా ఉంటుంది. వాటినే ఆధారంగా తీసుకొన్న పరిశోధకుడు వేషాన్ని హోదాకు చిహ్నంగా చదువుతాడు. దాని పక్కన నిలవవలసిన రెండో శరీరం అతని దృష్టికి రాదు.

భారతదేశంలోనూ ఈ సంప్రదాయం కనిపిస్తుంది. 1903లో కలకత్తా ప్రభుత్వ భవన శతవార్షికోత్సవ సభలో కర్జన్, వెల్లెస్లీ వేషం ధరించాడు. ఆ సభకు నిర్దేశించిన 1803 నాటి స్త్రీవేషం ఎత్తయిన నడుముతో, ఉక్కు కట్లు లేకుండా, పలుచని వస్త్రంతో కూడినది. చారిత్రక ప్రామాణికత, నృత్యసౌలభ్యం పరస్పరం విరోధించని అరుదైన సందర్భమిది. యుగాన్ని ఎంచుకోవడంలోనే సగం పరిష్కారం ఉందని దీనివల్ల గ్రహించవచ్చు.

ముగింపు

పై పరిశీలన వల్ల జంట నృత్యానికి వేషయోగ్యత మూడు విషయాలపై ఆధారపడి ఉందని తేలుతుంది: ఇద్దరి మధ్య దూరం, చేతులకున్న పని, కదలిక మార్గం. మన కోలాటంలో కర్ర పొడవే జంట మధ్య దూరాన్ని నిర్ణయిస్తుంది కాబట్టి అక్కడ వేషానికి స్వేచ్ఛ ఎక్కువ. కాకతీయుల కాలపు జాయపసేనాని నృత్తరత్నావళిలో వివరించిన దండరాసకాన్ని కూడా ఈ దృష్టితో పునఃపరిశీలించవచ్చు. ఆహార్యాన్ని పాత్రచిహ్నంగా వర్ణించే పద్ధతి మన పరిశోధనల్లో స్థిరపడింది. దానికి తోడుగా, ఆ వేషం పక్కవారికి ఎంత చోటు మిగిల్చిందన్న ప్రశ్నను కూడా చేర్చుకోవాలి. నాట్యశాస్త్రం నర్తకుడి అలసటను లెక్కలోకి తీసుకొంది. జంట నృత్యంలో ఆ లెక్క ఇద్దరిది.