బొగ్గుట్టకు రైలొచ్చిన కథ

డిసెంబరు 23 వస్తోందంటే కొత్తగూడెం నుంచి బెల్లంపల్లి దాకా బొగ్గు ప్రాంతమంతా పండగ కళ కడుతుంది. సింగరేణి ఆవిర్భావ దినోత్సవం నాడు జెండాలు ఎగరేస్తారు, ఉత్తమ కార్మికులకు శాలువాలు కప్పుతారు, సాయంత్రం ఆటపాటలు పెడతారు. 1920లో సరిగ్గా ఆ రోజున సింగరేణి కాలరీస్ కంపెనీ పేరు కాగితాలకెక్కింది. అప్పటికే ఇల్లందులో బొగ్గు తవ్వకం మొదలై మూడు దశాబ్దాలు దాటింది. ఆ బొగ్గును మోసుకెళ్లిన రైలు గనికంటే ఏడాది పెద్దది. ఆ రైలు కోసం హైదరాబాద్‌లో రేగిన గొడవ ఇంకా పాతది. వేడుకల ఉపన్యాసాల్లో ఆ గొడవకు చోటు దొరకడం అరుదు. ఈ ఆదివారం దాన్ని తలుచుకుందాం.

గోదావరి లోయలో బొగ్గు పుట్టి కోట్ల ఏళ్లయింది. దాని మీద రాజ్యాలు ఏలినవాళ్లకు మాత్రం ఆ సంగతి పట్టినట్టు కనపడదు. కాకతీయుల కాలపు శాసనాలు చెరువుల గురించి, గుళ్ల గురించి చెప్పినంతగా భూగర్భం గురించి చెప్పవు. నిర్మల్ దగ్గరి కోనసముద్రం ఉక్కు డమాస్కస్ కత్తుల దాకా వెళ్లి పేరు తెచ్చుకుంది. ఆ కొలుముల్లో మండింది కూడా అడవి కట్టెల బొగ్గే. కంచర్ల గోపన్న భద్రాచలంలో గుడి కట్టించాక రాముడి దర్శనానికి నడిచి వెళ్లే జనం ఈ అడవుల గుండా సాగిపోయేవారు. అలా వెళ్తున్న యాత్రికులు ఇల్లందు దగ్గర మూడు నల్లరాళ్లు పెట్టి పొయ్యి రాజేస్తే, కట్టెలతో పాటు రాళ్లూ అంటుకున్నాయట. బొగ్గు బయటపడిన తీరు గురించి ఇక్కడి పెద్దలు చెప్పుకునే కథ అది. ఇల్లందును ఇప్పటికీ బొగ్గుట్ట అనే పిలిచేవాళ్లున్నారు.

కథ సంగతెలా ఉన్నా, 1870ల మొదట్లో భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇక్కడికొచ్చి పొరలను పరీక్షించారు. దగ్గర్లోని సింగరేణి ఊరి పేరే ఈ బొగ్గు క్షేత్రానికి స్థిరపడింది. అందులో అన్నిటికంటే మేలైన పొరకు ‘కింగ్ సీమ్’ అని ఆయన పేరు పెట్టారు.

బొగ్గు దొరికింది సరే, బయటికి తెచ్చేదెలా? గోదావరి మీద పడవలు నడపాలని దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట కట్టి, కాలువలు తవ్వి, చివరికి ఆ ప్రయత్నాన్ని అప్పుడప్పుడే వదిలేశారు. అడవి బాటల్లో ఎడ్లబండి మీద ఎన్ని బస్తాలు పోతాయి? బొగ్గు చవకగా తవ్వినా మోత ఖర్చే దాన్ని మింగేస్తుంది. పట్టాలు లేకపోతే ఆ నల్లరాయి విలువ యాత్రికుల పొయ్యి రాయి కంటే ఎక్కువ కాదు.

నిజాం సర్కారుకు అప్పటికి ఉన్న సొంత లైను ఒక్కటే. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు వచ్చిన ఆ లైను హైదరాబాద్‌ను బొంబాయి దారిలో కలిపింది. దాన్ని తూర్పుకు ఓరుగల్లు మీదుగా బెజవాడ దాకా, ఉత్తరాన చందా బొగ్గు గనుల దాకా పొడిగించాలన్న పథకం 1880ల మొదట్లో తయారైంది. ఇప్పటి చంద్రపూరే ఆ చందా. జనం నోట అది ‘చందా రైల్వే పథకం’గా నిలిచిపోయింది.

ఆ పథకంలో అసలు సంగతి పట్టాల్లో కాదు, పద్దుల్లో ఉంది. లండన్‌లో ఒక కంపెనీ పెడతారు. అక్కడి మదుపుదారుల దగ్గర పెట్టుబడి తెస్తారు. రైలుకు లాభమొచ్చినా రాకపోయినా ఆ పెట్టుబడి మీద ఏటా 5 శాతం వడ్డీకి నిజాం ఖజానా 20 ఏళ్లపాటు హామీ ఉంటుంది. ఆ తర్వాత పుట్టిన నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే పేరులోని ‘గ్యారంటీ’ ఇదే. నష్టమొస్తే ఆ భారం పడేది శిస్తు కట్టే రైతు మీద.

1883 ఫిబ్రవరిలో దివాను మొదటి సాలార్‌జంగ్ హఠాత్తుగా కన్నుమూశారు. నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు అప్పటికి పదహారేళ్లు, ఇంకా గద్దె మీద అధికారం చేతికి రాలేదు. దశాబ్దాల పాటు రాజ్యాన్ని నడిపిన చెయ్యి లేని ఆ నెలల్లోనే రైలు ఒప్పందం ముందుకు కదిలింది. ఆ సమయంలో నగరంలోని చదువుకున్నవాళ్లు కొందరు ఒకచోట కూడారు. వాళ్లలో ముందున్నది అఘోరనాథ్ చటోపాధ్యాయ. ఎడిన్‌బరోలో విజ్ఞానశాస్త్రంలో డాక్టరేటు తెచ్చుకుని, హైదరాబాద్‌లో ఇంగ్లిషు చదువుకు పునాది వేసిన బెంగాలీ పండితుడాయన. ఆయనతో భుజం కలిపింది ముల్లా అబ్దుల్ ఖయ్యూం.

వాళ్లు రైలు వద్దనలేదు. పథకం కాగితాలు బయటపెట్టండి, షరతులేమిటో జనానికి తెలియనివ్వండి, చదివి చర్చించుకోవడానికి వ్యవధి ఇవ్వండి అని అడిగారు, అంతే. ఇవాళ ఏ గ్రామసభలోనైనా వినపడే మాట అది. సంస్థానంలో ప్రజలు సర్కారును లెక్క అడగడం అప్పటికి ఊహకందని సంగతి. హిందువు, ముస్లిం అన్న తేడా లేకుండా, కులం పేరు మీద కాకుండా, పన్ను డబ్బు పేరు మీద హైదరాబాద్ పౌరులు ఒక్కటైన తొలి సందర్భాల్లో ఇదొకటి. మన ప్రజా ఉద్యమాల చరిత్ర రాసుకునేటప్పుడు మొదటి పుటల్లో ఉండాల్సిన ఘట్టమిది.

సర్కారు జవాబు కటువుగా వచ్చింది. అఘోరనాథ్‌ను ఉద్యోగం నుంచి తప్పించి, 1883 మే 20న సంస్థానం దాటించారు. అబ్దుల్ ఖయ్యూం కొలువూ పోయింది. అఘోరనాథ్ ఇంట్లో అప్పటికి నాలుగేళ్ల పాప ఉంది. ఆమే తర్వాతి సరోజినీ నాయుడు. ప్రశ్న అడిగితే ఏమవుతుందో ఆ ఇల్లు అంత ముందుగా చూసింది. తర్వాత ఆయన్ను తిరిగి పిలిపించుకోక తప్పలేదు. అబ్దుల్ ఖయ్యూం కూడా వెనక్కి తగ్గలేదు. కాంగ్రెస్ కొత్తగా పుట్టినప్పుడు హైదరాబాద్‌లో దాని పక్షాన గట్టిగా నిలబడ్డారు.

ఒప్పందం మాత్రం ఆ ఏడాది చివర్లోనే కుదిరిపోయింది. 1886లో రైలు ఓరుగల్లు చేరింది. 1888లో డోర్నకల్ దాటి, అక్కడి నుంచి సుమారు 16 మైళ్ల కొమ్మ లైను మీద ఇల్లందు గనుల ముంగిట ఆగింది. మరుసటి ఏడాది ప్రధాన లైను బెజవాడ చేరుకుంది.

ఇల్లందుకు పట్టాలు చేరిన ఆ 1888లోనే లండన్‌లో ఇంకో పంచాయతీ నడిచింది. రైలు ఒప్పందం నడిపించిన అధికారి అబ్దుల్ హక్ గనుల ఒప్పందంలోనూ ముఖ్యుడు. 1886లో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ వాటాల్లో అత్యధిక భాగాన్ని గనుల హక్కు తెచ్చుకున్న కొద్దిమందే తమ పేర రాసుకుని మార్కెట్లోకి వదిలారు. నిజాం ఖజానా చేత కూడా ముఖవిలువకు మించిన ధరకు వాటాలు కొనిపించారు. ఆ సంగతి పొక్కి, బ్రిటిష్ కామన్స్ సభ విచారణ సంఘాన్నే వేయాల్సి వచ్చింది. అబ్దుల్ హక్ పదవి పోయింది. కాగితాలు చూపించమని అడిగిన పాపానికి అఘోరనాథ్‌ను సాగనంపి అప్పటికి అయిదేళ్లే. ఆయన అడిగింది ఎంత అవసరమో ఆ విచారణే రుజువు చేసింది.

ఇక బొగ్గు సంగతి. 1889లో తవ్వకం మొదలైంది. నేల కింద సబ్బలితో పొరను పగలగొట్టేది ఒకరు, చెమ్మస్ అనే పారతో తట్టలోకి ఎత్తి, తట్టను నెత్తిన పెట్టుకుని టబ్బులో పోసేది ఇంకొకరు. నిండిన టబ్బులు ఇనప తాడు లాగితే వరసగా పైకొచ్చి, వ్యాగన్లలోకి ఒరిగేవి. ‘తట్టా చెమ్మస్’ అన్న మాట కోల్‌బెల్ట్‌లో ఒక బతుకు పేరుగా మారింది. 1901 నాటికి ఉత్పత్తి ఏడాదికి 4 లక్షల టన్నులు దాటింది. మద్రాసు రైల్వే ఇంజన్లు కూడా ఈ బొగ్గు మీదే పరుగెత్తాయి. రైలును బొగ్గు నడిపింది, బొగ్గును రైలు నడిపింది.

తర్వాతి కథ ఒక్క పట్టా మీద సాగదు. 1927లో కారేపల్లి నుంచి కొత్తగూడేనికి లైను పడింది. అదే రోజుల్లో బెల్లంపల్లి గనులు తెరుచుకున్నాయి. 1929 నాటికి కాజీపేట, చందా దగ్గరి బల్హార్షా పట్టాలతో కలిశాయి. 1883 నాటి చందా పథకం అసలు ఉద్దేశం దాదాపు అర్ధశతాబ్దం తర్వాత అలా నెరవేరింది. 1930లో సర్కారు రైల్వేను కొనుక్కుంది, 1945లో బొగ్గు కంపెనీలో ఆధిక్యం సంపాదించింది. రైలు భారతీయ రైల్వేల్లో కలిసింది. సింగరేణిలో ఇప్పుడు తెలంగాణకు 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. డీజిలు వచ్చింది, కరెంటు వచ్చింది, బొగ్గు ఇంజన్లు పోయాయి. భూగర్భ గనుల చోట ఓపెన్‌కాస్టులు వచ్చి ఊళ్లను మింగుతున్నాయి. బొగ్గు కోసమే వేసిన 54 కిలోమీటర్ల సత్తుపల్లి లైనును 2022లో జాతికి అంకితం చేశారు.

వీటన్నిటికీ మొదలైన ఇల్లందులో మాత్రం ఇవాళ ప్రయాణికులు ఎక్కే రైలు లేదు. రైలెక్కాలంటే బస్సు పట్టుకుని డోర్నకల్‌కో, మహబూబాబాద్‌కో పోవాలి. నూట ముప్పై ఏళ్లకు పైగా దేశానికి బొగ్గు పంపిన ఊరికి ఒక ప్యాసింజర్ రైలు అడిగే హక్కు లేదా? రైల్వే శాఖ ఆ బండిని పునరుద్ధరించాలి. సింగరేణి యాజమాన్యం వచ్చే ఆవిర్భావ దినోత్సవం నాటికైనా ఇల్లందులో ఒక శిలాఫలకం నిలపాలి. దాని మీద విలియం కింగ్ పేరు ఉండటం న్యాయం. దాని పక్కనే, జనం తరఫున మొదట లెక్క అడిగిన అఘోరనాథ్ చటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూంల పేర్లు ఉండటం అంతకంటే న్యాయం.