కళ్ళెం ఎవరి చేతిలో?

ఎద్దుకు ముకుతాడు, గుర్రానికి కళ్ళెం, ఏనుగుకు అంకుశం. ఏ జంతువును మచ్చిక చేసుకున్నా మన పెద్దవాళ్ళు ముందు దాన్ని ఆపే సాధనం సిద్ధం చేసుకుని, ఆ తరువాతే ఎక్కి కూర్చున్నారు. పరుగెత్తించడానికేముంది, ఓ చెర్నాకోల చాలు. ఆపడంలోనే ఉంది విద్య అంతా. మోటారుకారు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ వరస తిరగబడింది. దానికి పరుగు ముందు నేర్పారు. కళ్ళేలు మాత్రం ప్రమాదానికొకటి చొప్పున తగిలిస్తూ వస్తున్నారు. ఆ తగిలించడం ఇంకా పూర్తి కాలేదు.

"బ్రేకు మీదే కాలు వేశానండీ, బండి దానంతట అదే ముందుకు ఉరికింది" అనే మాట మీరూ వినే ఉంటారు. ఆ మాట అన్నవాణ్ణి ఎగాదిగా చూసి చుట్టూ చేరిన పదిమందీ అనే మాట కూడా వినే ఉంటారు. "ఏమీ లేదు, కంగారులో బ్రేకనుకుని ఎక్స్‌లేటర్ తొక్కి ఉంటాడు." హైబ్రిడ్ కార్లు వచ్చాక ఈ తగవు మళ్ళీ కొత్తగా మొదలయింది. తప్పు కాలిదా, కారుదా? ఈ ప్రశ్న వయసు తక్కువేమీ కాదు. దాని జవాబు కోసం ఒకసారి అమెరికా దాకా వెళ్ళిరావాలి. వెళ్ళొచ్చాక తెలుస్తుంది, సగం జవాబు మన సికింద్రాబాదు స్టేషను దగ్గరే ఉందని.

ముందు ఈ హైబ్రిడ్ ఏమిటో చూద్దాం. మన రైతుకు హైబ్రిడ్ అంటే జొన్న విత్తనమో, మొక్కజొన్న విత్తనమో. రెండు రకాలను కలిపి పుట్టించిన మూడోది. కారులోనూ అంతే. పెట్రోలు ఇంజను ఒకటి, కరెంటు మోటారు ఒకటి. ఇదేదో నిన్న మొన్నటి వింత అనుకోకండి. 1900 ప్రాంతంలోనే వియన్నాలో లోనర్ కంపెనీలో పనిచేస్తున్న ఫెర్డినాండ్ పోర్షే అనే యువకుడు పెట్రోలు ఇంజనుతో కరెంటు పుట్టించి, ఆ కరెంటుతో చక్రాల్లోని మోటార్లను తిప్పే బండి చేశాడు. మన మౌలాలి షెడ్డుకు వచ్చే డీజిల్ రైలింజను కూడా ఆ కుటుంబంలోదే. అందులో డీజిలు నేరుగా చక్రాన్ని తిప్పదు. డీజిలు జనరేటరును తిప్పుతుంది, జనరేటరు మోటార్లకు కరెంటిస్తుంది, మోటార్లు చక్రాలను తిప్పుతాయి. కారుకు పెద్ద బ్యాటరీ కూడా జోడించి 1997లో టయోటా వారు జపానులో ప్రియస్ అమ్మడం మొదలుపెట్టారు. మన దేశానికి 2008లో హోండా సివిక్ హైబ్రిడ్, 2010లో ప్రియస్ వచ్చాయి. అవి శ్రీమంతుల సంగతి. 2022లో టయోటా, మారుతీ, హోండా ఇక్కడే తయారయిన హైబ్రిడ్లను దింపాక గానీ మధ్యతరగతి గుమ్మంలోకి అవి రాలేదు.

పాత అంబాసిడరులో ఎక్స్‌లేటరుకూ ఇంజనుకూ మధ్య నేరుగా లంకె ఉండేది. కాలు ఎంత నొక్కితే అంత. ఇప్పటి కార్లలో ఆ లంకె లేదు. పెడలు నొక్కడమంటే కంప్యూటరు గారికి ఓ అర్జీ పెట్టుకోవడమన్నమాట. "అయ్యా, కొంచెం వేగం కావలెను" అని మనం అర్జీ పెడితే, పెట్రోలు శాఖ నుంచి ఎంత, బ్యాటరీ శాఖ నుంచి ఎంత మంజూరు చెయ్యాలో ఆయన నిర్ణయిస్తాడు. హైబ్రిడ్లో బ్రేకూ అర్జీయే. బ్రేకు నొక్కగానే ముందుగా మోటారే తిరగబడి జనరేటరై బండి జోరును కరెంటుగా మార్చి బ్యాటరీకి పంపుతుంది. అది చాలనప్పుడు చక్రాల దగ్గరి మామూలు బ్రేకులు అందుకుంటాయి. ఈ అప్పగింతలు మనకు తెలియకుండా జరిగిపోవాలి. సాధారణంగా జరిగిపోతాయి కూడా.

ఇప్పుడు మారేడుపల్లిలో ముప్ఫయ్యేళ్ళు గేర్లబండి నడిపి, కొత్తగా హైబ్రిడ్ కొన్న బాబాయిగారొకరిని ఊహించుకోండి. బటను నొక్కారు. చప్పుడు లేదు. "ఏమండీ, స్టార్టయిందా?" అంటుంది పిన్నిగారు. "ఏదీ, ఉలుకూ పలుకూ లేదే!" అంటారీయన. ఎదురుగా రెడీ అని చిన్న దీపం వెలిగిందని ఇద్దరూ చూడలేదు. గేరు మీట డి లో పెట్టి ఉంది. బ్రేకు మీద కాలు తీశారు. బండి మెల్లగా పాకింది. ఉలిక్కిపడి కాలు వేశారు. ఆ కాలు ఎక్కడ పడిందన్నదే కథ. కరెంటు మోటారుకో గుణముంది. పెట్రోలు ఇంజనులా మెల్లగా ఊపిరి పీల్చుకుని లేవదు. నిలుచున్న చోటునుంచే ఉన్న బలమంతా ఇవ్వగలదు. గేటు ఎంతో దూరం లేదు.

పాత బండిలో ఇదే కంగారు వస్తే ఏమయ్యేది? భయంలో మనిషి రెండు కాళ్ళూ బిగదన్నేస్తాడు. కుడికాలు దారి తప్పినా ఎడమకాలు క్లచ్ మీద పడి ఇంజనుకూ చక్రాలకూ తెగతెంపులు చేసేసేది. క్లచ్ అనేది గేర్లు మార్చడానికే కాదు, మనకు తెలియని కళ్ళెం కూడా. హైబ్రిడ్లో క్లచ్ పెడలు లేదు. ఎడమకాలికి పనీ లేదు. వెయ్యవలసిన కాలూ, ఆపవలసిన కాలూ ఒక్కటే. ఎప్పుడూ ఇలాగే ఉండేదా అంటే, లేదు. 1908లో వచ్చిన ఫోర్డు టి మోడలు కారులో మూడు పెడళ్ళుండేవి గానీ అందులో ఒక్కటీ ఎక్స్‌లేటర్ కాదు. వేగం పెంచే మీట స్టీరింగు దగ్గర చేతికందేది. ఆపడం కాలిది, పరుగు చేతిది. ఆ పనివిభజన పోయి రెండు పనులూ ఒకే పాదం కింద చేరడంతో ఈ తగవుకు పునాది పడింది.

తగవు రచ్చకెక్కింది 1986లో. ఆడి 5000 అనే కారు దానంతట అదే దూసుకుపోతోందని అమెరికా టెలివిజన్లో ఒక కార్యక్రమం వచ్చింది. దేశం అదిరిపడింది. 1985లో 74 వేల కార్లు అమ్ముకున్న కంపెనీ 1991లో 12 వేలకు దిగజారింది. అమెరికా రహదారి భద్రతా సంస్థ పరిశోధన చేయించి 1989లో తేల్చిందేమిటంటే, చాలా సందర్భాల్లో కాలు బ్రేకు మీద కాక పక్క పెడలు మీద పడిందని. అక్కడితో ఆగితే "చెప్పలేదూ, వాడి కాలిదే తప్పు" అనే పదిమందిదీ గెలుపే. కానీ ఆ నివేదికలోనే మరో మాట ఉంది. నిలబడి ఉన్న ఇంజను వేగాన్ని అదుపులో ఉంచే భాగంలో లోపముంటే బండి కొంచెం ఉలిక్కిపడవచ్చు. ఆ ఉలికిపాటుకు మనిషి ఉలిక్కిపడవచ్చు. చూశారూ! మొదటి తప్పు యంత్రానిది, చిన్నది. రెండోది మనిషిది, పెద్దది. మొదటిది లేకపోతే రెండోది వచ్చేదా? చివరికి ఆడి వారు చేసిన పని డ్రైవర్లకు నీతిబోధ కాదు. బ్రేకు తొక్కితే తప్ప గేరు మీట కదలకుండా ఓ తాళం పెట్టారు. ఈనాడు దాదాపు అన్ని ఆటోమేటిక్ బళ్ళలోనూ ఉన్నది ఆ తాళమే.

రెండో అంకం 2009 ఆగస్టులో, శాన్ డియాగో దగ్గర. సెలవులో ఉన్న ఒక హైవే పోలీసు అధికారి కుటుంబంతో లెక్సస్ కారులో వెళుతున్నాడు. కారు వేగం తగ్గలేదు. నలుగురూ పోయారు. పోలీసు అధికారికి డ్రైవింగు రాదని ఎవరనగలరు? తేలిందేమిటంటే, ఆ కారులో వేరే మోడలుకు చెందిన రబ్బరు మ్యాటు వేశారు, అది పెడలును పట్టేసింది. తాళంచెవి తిప్పి ఇంజను కట్టేద్దామంటే అది బటను కారు. నడుస్తున్న బండిని ఆపాలంటే బటను మూడు సెకన్లపాటు నొక్కిపట్టుకోవాలి. ప్రాణం మీదికొచ్చినవాడికి మూడు సెకన్లంటే ఒక జన్మ. తరువాత టయోటా వారు లక్షల కార్లను వెనక్కి పిలిచారు.

హైబ్రిడ్ వంతు 2010 ఫిబ్రవరిలో వచ్చింది. గతుకుల రోడ్డు మీద బ్రేకు వేస్తే ప్రియస్ ఒక్క క్షణం పట్టు వదిలినట్టవుతోందన్నారు. ఇందాక చెప్పిన అప్పగింతలున్నాయే, మోటారు బ్రేకు నుంచి మామూలు బ్రేకుకు, అక్కడ వచ్చింది చిక్కు. ఆగుతున్న బండి క్షణం పాటు తక్కువగా ఆగితే లోపల కూర్చున్నవాడికి ముందుకు ఉరికినట్టే ఉంటుంది. బండి వేగం పెరగలేదు, ఆగడం తగ్గింది. అయినా "ఉరికింది" అన్నవాడు అబద్ధం చెప్పలేదు. ప్రపంచవ్యాప్తంగా 4 లక్షల 37 వేల హైబ్రిడ్లను పిలిపించి కంప్యూటరు గారి బుద్ధి సవరించారు.

ఇక కంప్యూటరే పెత్తనం చేసి కారును పరుగెత్తిస్తోందా అన్న అనుమానం మిగిలింది. రాకెట్లు పంపే నాసా వాళ్ళను పిలిచారు. ఆ తీరుగా కారును ఉరికించే ఎలక్ట్రానిక్ లోపమేదీ తమకు కనబడలేదని 2011లో తేల్చారు. 2013లో ఓక్లహోమా రాష్ట్రంలో ఒక జ్యూరీ మాత్రం 2005 నాటి కామ్రీ విషయంలో సాఫ్ట్‌వేరుదే తప్పని నమ్మింది. మ్యాట్లు, అతుక్కుపోయే పెడళ్ళ సంగతి జనానికి సరిగా చెప్పనందుకు 2014లో కంపెనీ 120 కోట్ల డాలర్లు కట్టింది. కనుక "కాలా, కారా" అని పందెం కాసేవాళ్ళెవరికీ పూర్తి గెలుపు లేదు. ప్రశ్నే సరయినది కాదేమో!

ఇప్పుడు మన స్టేషను దగ్గరికొద్దాం. 1874లో వాడీ నుంచి సికింద్రాబాదుకు రైలొచ్చింది. 1966 నుంచి ఇది దక్షిణమధ్య రైల్వేకు రాజధాని. ఏ పేటలో చూసినా రైల్వే పింఛనుదారు ఒకరుంటారు. రైలు వాళ్ళు ఈ తగవును ఎప్పుడో ఇంకో దారిలో తేల్చుకున్నారు. "డ్రైవరు మంచివాడే, కానీ మనిషి" అన్నది వాళ్ళ సిద్ధాంతం.

రాజభవనంలో ఉండే గవర్నరు కాక యంత్రాల్లోనూ ఒక గవర్నరున్నాడు. 1788లో జేమ్స్ వాట్ తన ఆవిరియంత్రానికి రెండు ఇనుపగుండ్లు తగిలించాడు. వేగం హెచ్చితే అవి గిర్రున తిరుగుతూ పైకి లేచి, ఆవిరిని తగ్గిస్తాయి. డీజిల్ ఇంజనుకూ గవర్నరుంది. అయినా డీజిల్ ఇంజను ఒక్కోసారి తన కందెన నూనెనే తాగి వెర్రెత్తినట్టు వేగం పెంచుకోగలదు. రైలింజనులో వేగం మితిమీరితే ఇంధనాన్ని కోసేసే మరో ఏర్పాటు కూడా పెట్టారు. గవర్నరు మీద కూడా నిఘా అన్నమాట!

2003 నుంచి మన జంటనగరాల మధ్య తిరిగే ఎంఎంటీఎస్ రైలు డ్రైవరు చేతికింద ఒక పిడి ఉంటుంది. దాన్ని నొక్కిపట్టి ఉన్నంతసేపే రైలు నడుస్తుంది. సొమ్మసిల్లి చెయ్యి సడలితే బ్రేకులు పడతాయి. దాని ఇంగ్లీషు పేరు డెడ్‌మ్యాన్స్ హ్యాండిల్. పేరు అపశకునమే గానీ, బుద్ధి గొప్పది. దూరప్రయాణపు ఇంజన్లలో మరో పరికరం, డ్రైవరు నిమిషంపాటు ఏ మీటా కదపకపోతే దీపం వెలిగించి, కూత కూసి, అప్పటికీ పలకకపోతే తానే బ్రేకు వేస్తుంది.

ఆ వరసలో చివరిది కవచ్. 2022 మార్చి 4న సికింద్రాబాదు డివిజనులో, గుల్లగూడ, చిటిగిద్ద స్టేషన్ల మధ్య ఒకే పట్టాల మీద రెండు ఇంజన్లను ఎదురెదురుగా నడిపించారు. ఒకదానిలో సాక్షాత్తూ రైల్వేమంత్రి అశ్వినీ వైష్ణవ్, రెండోదానిలో రైల్వేబోర్డు ఛైర్మన్. డ్రైవరు బ్రేకు వెయ్యలేదు. కవచే వేసింది. ఎదుటి ఇంజనుకు 380 మీటర్ల దూరంలో బండి ఆగింది. పక్కలైనులోకి తిరిగేటప్పుడు 60 కిలోమీటర్ల వేగాన్ని 30కి తగ్గించడమూ అదే చేసి చూపించింది. ఆ కవచ్ పాఠాలు నేర్పే ఇరిసెట్ మన తార్నాకలోనే ఉంది, 1957 నుంచి.

కారు వాళ్ళు ఈ దారికి ఆలస్యంగా వచ్చారు. వచ్చారు, అదే సంతోషం. బ్రేకు, ఎక్స్‌లేటరు రెండూ ఒకేసారి నొక్కితే బ్రేకు మాటే వినాలని ఇప్పుడు చాలా కార్ల కంప్యూటర్లకు నేర్పుతున్నారు. మీ కారులో ఆ ఏర్పాటుందో లేదో కొనేటప్పుడే అడగండి. రంగు గురించి గంటసేపు అడుగుతాం, ఇది అడగడానికి మొహమాటమెందుకు?

బండి ఉరికితే ఏం చెయ్యాలో ముందే మనసులో ఒకటికి పదిసార్లు నెమరు వేసుకోవాలి. ముందు కుడికాలు పూర్తిగా ఎత్తాలి. ఎత్తితేనే అది ఎక్కడ ఉన్నదో తేలుతుంది. తరువాత బ్రేకు ఒక్కటే గట్టిగా, ఒక్కసారిగా తొక్కిపట్టాలి. పంపు కొట్టినట్టు కొట్టకూడదు. మామూలు కార్లలో బ్రేకుకు సాయంచేసే శక్తి అలా కొడితే కరిగిపోతుంది. గేరు మీట న్యూట్రల్‌కు తొయ్యాలి. ఇంజను అరిస్తే అరవనివ్వండి. అప్పటికీ కాకపోతే బటను నొక్కిపట్టాలి. మ్యాటు ఆ కారుదేనా, కొక్కేనికి తగిలించి ఉందా అని ప్రతివారం చూడటం మరో మంచి అలవాటు. కొత్త హైబ్రిడ్ కొన్న పెద్దవాళ్ళను మొదటి నాలుగు రోజులూ ఉదయాన్నే ఖాళీ మైదానానికి తీసుకెళ్ళి, ఆ నిశ్శబ్దానికీ, ఆ పాకుడుకూ అలవాటు పడనివ్వడం పిల్లల ధర్మం.

ఇంకొక్క మాట. గేటుకు గుద్దుకున్న కారు దిగి, వణికే చేతులతో "బ్రేకే తొక్కానురా" అంటున్న పెద్దాయనను చూసి వెంటనే నవ్వకండి. ఆయన కాలు తప్పి ఉండవచ్చు. బండి ముందుగా ఉలిక్కిపడి ఉండవచ్చు. రెండూ జరిగి ఉండవచ్చు. "నీదే తప్పు" అనేస్తే ఆ పూటతో విచారణ ముగుస్తుంది, ఆయన మళ్ళీ స్టీరింగు ముట్టడు, బండిలో ఏదైనా లోపముంటే అది అలాగే ఉండిపోతుంది. ముందు మంచినీళ్ళివ్వండి. ఆ తరువాత మ్యాటు చూడండి.