బొమ్మలమ్మ గుట్టను చదవడం ఎట్లా?

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక బండ గురించి. కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే దారిలో, గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలమ్మ గుట్ట ఉంది. మొన్న ఆదివారం, ఎనిమిదో తరగతి చదివే మా అక్క కొడుకును బండి మీద ఎక్కించుకొని అక్కడికి పోయిన.

ఆ బండ మీద బొమ్మలూ ఉన్నాయి, అక్షరాలూ ఉన్నాయి. చెక్కించింది జినవల్లభుడు. కన్నడ ఆదికవి పంపడికి తమ్ముడు. కాలం పదో శతాబ్దం, వేములవాడ చాళుక్యుల రోజులు. శాసనం సంస్కృతం, కన్నడ, తెలుగు మూడు భాషల్లో ఉంటుంది. తెలుగులో మూడు కంద పద్యాలున్నాయి. నన్నయ భారతం కంటే దాదాపు వందేళ్ల ముందువి.

నేను స్కూల్లో ఉన్నప్పుడు ఇదంతా ఒక బిట్ ప్రశ్న. శాసనం వేయించింది ఎవరు? జవాబు రాసిన, మార్కు వచ్చింది. బండ ఫొటో ఎవరూ చూపించలే, నేనూ అడగలే. ఉద్యోగంలో చేరి, కోడ్‌లో తప్పులు వెతుకుడు అలవాటయినంక గానీ ఒకదాన్ని నింపాదిగా చూసుడు నాకు రాలేదు.

మావాడికి ముందు ఏమీ చెప్పలే. "ఏం కనబడుతోంది రా?" అన్న.

"దుర్గమ్మ, మామా."

"ఎట్ల చెప్పినవ్?"

"చాలా చేతులున్నయి కదా."

మంచి జవాబే. ఊరివాళ్లకూ ఆమె బొమ్మలమ్మే కదా. "చేతుల్లో ఏమున్నయో చూడు, పక్కన ఎవరున్నరో చూడు" అన్న. చక్రాలు కనబడ్డయి. పక్కన నిలబడ్డవాళ్లకు నగలు లేవు, బట్టలు కూడా లేవని సిగ్గుపడుకుంట వాడే చెప్పిండు. వాళ్లు జైన తీర్థంకరులు. నడుమ ఉన్నది చక్రేశ్వరి, ఆదినాథుడి యక్షిణి. మన దగ్గర జైనం ఉండేదని సోషల్ పుస్తకం చెప్పేది వాడు పుస్తకం తెరవకుండనే పట్టుకున్నడు.

అక్షరాల దగ్గర ఇంకా మజా. ఆ లిపి తెలుగు, కన్నడ లిపులు విడిపోకముందుది. వాడు ఒకటి రెండు అక్షరాలు గుర్తుపట్టి, మిగతాది కర్ణాటక బస్సు బోర్డు లెక్క ఉందన్నడు. కరెక్టే కదా! ఇక కందం సంగతి. పాదాలకు వరుసగా 12, 20, 12, 20 మాత్రలు, మొత్తం 64. ఇప్పుడు ఇది తెలుగు పీరియడా, లెక్కల పీరియడా? సైన్సు కూడా ఉంది. చెక్కిన గీత నీడ పడితేనే తేలుతుంది. ఇంట్లో రూపాయి బిళ్ల మీద ఫోన్ టార్చ్ ముందు ఎదురుగా, తర్వాత పక్క నుంచి కొట్టి చూడండి. తేడా మీకే తెలుస్తది.

ఇంకో మాట. ఈ చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల వల్ల గుట్టకు ప్రమాదముందని చరిత్ర తెలిసినవాళ్లు ఏండ్ల నుంచి మొత్తుకుంటున్నరు. పంపడి తల్లిదండ్రులు అబ్బణబ్బె, భీమపయ్య అని మనకు చెప్పేది ఈ బండే. 2008లో తెలుగుకు ప్రాచీన హోదా వచ్చింది, ఆ వాదనలో ఈ పద్యాలనూ చూపించుకున్నం. క్వారీ లెక్కలో మాత్రం గుట్ట అంటే ఇన్ని క్యూబిక్ మీటర్ల రాయి, అంతే.

తిరుగు దారిలో మావాడు "బిట్ పేపర్ల దీని బొమ్మ ఇస్తరా మామా?" అని అడిగిండు. నేను బండి నడుపుతున్న, వినబడనట్టే ఊరుకున్న.

వచ్చే ఎపిసోడ్‌లో పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్ల పటం చూద్దాం. ముప్పై నలభై అడుగుల బట్ట, ఎర్రటి నేల, వరుసలు వరుసలుగా బొమ్మలు. ఆలోపు మీ ఇంట్ల తాతనో అమ్మమ్మనో అడిగి పెట్టుకోండి, పటం కథ చూసిన్రా అని.