108కి కాల్ చేస్తే ఎక్కడికి వెళ్తుంది? ఎమర్జెన్సీ వైర్‌లెస్ మనం వినొచ్చా? పూర్తి వివరాలు ఇవే

తూంకుంట: రాజీవ్ రహదారిపై యాక్సిడెంట్ జరిగితే చాలామంది వెంటనే 108కి కాల్ చేస్తారు. ఆ 108 సర్వీసు నడిపే ఈఎంఆర్ఐ ప్రధాన కేంద్రం ఎక్కడుందో తెలుసా? తూంకుంట పక్కనే, దేవరయాంజాల్‌లో. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఈ సర్వీసు ఆ తర్వాత చాలా రాష్ట్రాలకు విస్తరించింది.

కాల్ చేశాక ఏం జరుగుతుంది?
ఏం జరిగింది, ఎక్కడ జరిగింది, ఎంతమందికి దెబ్బలు తగిలాయి అని ముందు అడుగుతారు. తర్వాత దగ్గర్లో ఖాళీగా ఉన్న అంబులెన్స్‌ను పంపిస్తారు. అందులో బండి నడిపే పైలట్, ప్రథమ చికిత్స చేసే ఈఎంటీ ఉంటారు. పరిస్థితి సీరియస్‌గా ఉంటే కేంద్రంలోని డాక్టర్ ఫోన్‌లోనే ఈఎంటీకి సూచనలిస్తారు.

వైర్‌లెస్ వినొచ్చా?
అమెరికాలో చాలాచోట్ల జనం స్కానర్లు పెట్టుకుని ఫైర్, అంబులెన్స్ సిబ్బంది మాటలు వింటుంటారు. ఇంటర్నెట్‌లో లైవ్ కూడా వస్తుంది. మన దగ్గర అలా కుదరదు. టెలికమ్యూనికేషన్స్ చట్టం-2023, సెక్షన్ 42 ప్రకారం సందేశాలను అక్రమంగా వింటే 3 ఏళ్ల వరకు జైలు, లేదా రూ.2 కోట్ల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఈ సెక్షన్ 2024 జూన్ 26 నుంచి అమల్లో ఉంది. పేషెంట్ పేరు, అడ్రస్, జబ్బు లాంటి వివరాలు ఆ మాటల్లో ఉండొచ్చు. అవి బయటకు పోతే నష్టం ఆ కుటుంబానికే.

లొకేషన్ ఇలా చెప్పండి
వైర్‌లెస్ వినలేకపోయినా, అంబులెన్స్‌కు దారి చూపేది మీ ఫోనే. "తూంకుంట దగ్గర" అంటే సరిపోదు.
* రాజీవ్ రహదారిపైనా, ఔటర్‌పైనా, లోపలి కాలనీలోనా?
* హకీంపేట వైపు వెళ్లే రోడ్డా, శామీర్‌పేట వైపు వెళ్లేదా? మధ్యలో డివైడర్ ఉంటే, వైపు తప్పు చెబితే బండి యూటర్న్ దాకా వెళ్లి తిరిగి రావాలి.
* పక్కన కనిపించే గుడి, పెట్రోల్ బంక్, స్కూల్ పేరు చెప్పండి. ఔటర్‌పై అయితే కిలోమీటర్ బోర్డు చూసి చెప్పండి.
* కాల్ అయ్యాక ఫోన్ బిజీగా పెట్టకండి. అంబులెన్స్ సిబ్బంది దారి అడగడానికి తిరిగి కాల్ చేస్తారు.

గుర్తుంచుకోవాల్సిన నంబర్లు
అన్ని ఎమర్జెన్సీలకు 112, అంబులెన్స్‌కు 108, ఫైర్‌కు 101, పోలీసులకు 100.

కేసుల్లో ఇరుక్కుంటామని భయపడొద్దు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం సెక్షన్ 134ఏ ప్రకారం మంచి మనసుతో సాయం చేసినవాళ్లకు చట్టపరమైన రక్షణ ఉంది. పేరు చెప్పమని బలవంతం కూడా చేయకూడదు. ఫోన్ చేతిలో ఉంటే వీడియో తర్వాత, ముందు కాల్ చేయండి.