బొడ్డు హెర్నియా: చరిత్ర, చికిత్స

బొడ్డు దగ్గర పొట్ట గోడలో మిగిలిపోయిన, లేదా తర్వాత తెరుచుకున్న రంధ్రం గుండా లోపలి కొవ్వు పొర గానీ పేగు గానీ చర్మం కిందికి పొడుచుకు రావడాన్ని బొడ్డు హెర్నియా అంటారు. గిలక, బొడ్డు గిలక అన్నవి వాడుక పేర్లు. మంచిర్యాల జిల్లా లక్సెట్టిపేట వంటి చోట్ల ఆసుపత్రి చీటీ మీద ‘హెర్నియా’ అని రాసినా, ఇంట్లో మాత్రం బొడ్డు ఉబ్బిందనే చెప్పుకుంటారు. పసిపిల్లల్లో ఇది తరచుగా కనిపిస్తుంది, చాలామందిలో తనంతట తానే పోతుంది. పెద్దల్లో వస్తే తనంతట తాను పోదు. వైద్య చరిత్రలో ఈ తేడా స్థిరపడడానికి చాలా కాలం పట్టింది. ఇళ్ళలో మాత్రం నేటికీ వ్యవహారం తలకిందులుగానే నడుస్తోంది. పసిబిడ్డ బొడ్డుకు హడావిడిగా రూపాయి బిళ్ళ కడతారు. అదే బిడ్డ తల్లి తన బొడ్డు ఉబ్బును ఏళ్ళ తరబడి చీర కింద దాచుకుంటుంది.

ఎందుకు వస్తుంది

గర్భంలో ఆరో వారం నుంచి పదో వారం దాకా పిండం పేగులు కొంత భాగం బొడ్డుతాడులోనే పెరుగుతాయి. పొట్టలో చోటు చాలాక లోపలికి వెనుదిరుగుతాయి. పుట్టాక తాడు ఎండి ఒకటి రెండు వారాల్లో రాలిపోతుంది. రక్తనాళాలు వెళ్ళిన దారి చుట్టూ ఉన్న ఉంగరంలాంటి కండర పొర క్రమంగా బిగుసుకుని మూసుకుంటుంది. ఆ మూత పూర్తి కాకపోతే బిడ్డ ఏడ్చినప్పుడల్లా, ముక్కినప్పుడల్లా బొడ్డు ఉబ్బుతుంది, పడుకోగానే తగ్గుతుంది. నెలలు నిండకుండా తక్కువ బరువుతో పుట్టిన పిల్లల్లోనూ, డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలోనూ ఇది ఎక్కువ. పుట్టుకతో థైరాయిడ్ లోపం ఉన్న శిశువులోనూ బొడ్డు ఉబ్బి ఉండవచ్చు. మలబద్ధకం, బొంగురు ఏడుపు, మందకొడితనం తోడైతే థైరాయిడ్ పరీక్ష చేయించాలి. బొడ్డు కన్నా ఆ లోపమే బిడ్డకు ఎక్కువ హాని చేస్తుంది.

పేగులు చర్మపు కప్పు లేకుండానే బయట కనిపించే పుట్టుక లోపాలు వేరు. వాటికి పుట్టిన వెంటనే శస్త్రచికిత్స అవసరం, వాటిని ఈ హెర్నియాతో కలపకూడదు.

పెద్దల్లో వచ్చేవి చాలావరకు కొత్తగా వచ్చినవే, చిన్ననాటి రంధ్రం మిగిలిపోయి వచ్చినవి తక్కువ. వరుస కాన్పులు, స్థూలకాయం, మానని దగ్గు, మూత్రం కోసం లేదా మలం కోసం ఎప్పుడూ ముక్కాల్సి రావడం, కాలేయం చెడి పొట్టలో నీరు చేరడం, ఇవన్నీ లోపలి ఒత్తిడిని పెంచి బొడ్డు దగ్గరి పలుచని పొరను సాగదీస్తాయి. బరువులెత్తే కూలి పనినే అందరూ మొదట నిందిస్తారు గానీ, పైవాటితో పోలిస్తే దాని పాత్ర చిన్నది.

పసిబిడ్డ బొడ్డు

భారతీయ వైద్య గ్రంథాలు బొడ్డును తొలినుంచీ శ్రద్ధగానే చూశాయి. బొడ్డుతాడును నాభి నుంచి ఎనిమిది వేళ్ళ వెడల్పు దూరంలో కోసి, దారంతో కట్టి, ఆ దారపు కొసను బిడ్డ మెడలో వదులుగా వేయమని చరక సంహిత చెబుతుంది. సరిగ్గా కోయకపోతే బొడ్డు ఉబ్బే రకరకాల వికారాలను కూడా అది పేర్కొంటుంది. సుశ్రుత సంహిత వాతంతో ఉబ్బి నొప్పిపుట్టే బొడ్డును తుండి అని పిలిచి, నూనె, కాపడం, కట్టు చికిత్సగా చెప్పింది. కత్తి పెట్టమని చెప్పలేదు. శస్త్రచికిత్సకు పేరుపడిన గ్రంథమే పసిబిడ్డ బొడ్డు జోలికి కత్తితో వెళ్ళకపోవడం గమనించదగినది.

కాపడం, కట్టు పల్లెల్లో వేర్వేరు రూపాల్లో మిగిలాయి. రూపాయి బిళ్ళను గుడ్డలో చుట్టి బొడ్డు మీద పెట్టి నడుం చుట్టూ బిగించడం అందరికీ తెలిసినదే. రంధ్రం మూసుకోవడానికి దాని వల్ల ఒరిగేదేమీ లేదు. బిళ్ళ కింద చర్మం ఒరిసి పుండుపడవచ్చు, చీము పట్టవచ్చు. అయినా ఈ వైద్యానికి పేరు పోకపోవడానికి కారణం ఒక్కటే: బిళ్ళ కట్టినా కట్టకపోయినా నూటికి ఎనభై తొంభై మంది పిల్లల్లో నాలుగైదేళ్ళు వచ్చేసరికి రంధ్రం మూసుకుంటుంది. ప్రకృతి చేసిన పనికి బిళ్ళకు పేరొచ్చింది. కొన్నిచోట్ల చేసే వాతలు పెట్టడం అంతకన్నా హానికరం.

బొడ్డుకు సంబంధించి ఒకప్పుడు అసలు ప్రాణాపాయం హెర్నియా కాదు, ధనుర్వాతం. కొడవలితోనో పాత బ్లేడుతోనో తాడు కోయడం, కోసినచోట బూడిదో పేడో అద్దడం వల్ల అది సోకేది. గర్భిణులకు టీటీ సూదులు, ఆసుపత్రి కాన్పులు పెరిగి ఆ భయం తగ్గింది. తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని భారతదేశం నిర్మూలించిందని 2015లో నిర్ధారణ అయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ స్థాయిని 2003లోనే అందుకుంది.

నేటి వైద్యం పసిపిల్లల బొడ్డు హెర్నియాను నాలుగైదేళ్ళ వయసు దాకా కేవలం గమనిస్తూ ఉండమంటుంది. ఆ తర్వాతా మిగిలితే, లేదా రంధ్రం ఒకటిన్నర సెంటీమీటరుకు మించి ఉండి తగ్గే సూచన లేకపోతే శస్త్రచికిత్స చేస్తారు. పిల్లల్లో పేగు ఇరుక్కోవడం అరుదు.

కత్తి పట్టిన తొలివారు

మొదటి శతాబ్దపు రోమన్ రచయిత సెల్సస్ బొడ్డు హెర్నియాకు శస్త్రచికిత్సను వివరించాడు. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, లోపలివి లోపలికి జారాక, ఖాళీ తిత్తిని రెండు పుల్లల మధ్య బిగించి, లేదా సూదీ దారంతో ముడివేసి, ఎండి రాలేలా చేసేవారు. ఈ పనికి పసివాడు తగడు, పెద్దవాడూ ముసలివాడూ తగరు, ఏడు నుంచి పద్నాలుగేళ్ళ వయసే అనువైనదని కూడా ఆయన రాశాడు. అంటే పసితనంలో ఆగాలన్న సూక్ష్మం ఆయనకు అందింది. పెద్దవాళ్ళకు మాత్రం పట్టీలు తప్ప దిక్కు లేకపోయింది.

పెద్దవాళ్ళు దాస్తే ఏమవుతుందో 1737లో లండన్ రాజభవనం చూసింది. ఇంగ్లండు రాజు రెండో జార్జి భార్య కెరొలిన్‌కు 1724లో చివరి కాన్పు తర్వాత బొడ్డు దగ్గర హెర్నియా మొదలైంది. ఆమె దాన్ని పదమూడేళ్ళ పాటు వైద్యుల కంటపడనివ్వలేదు. 1737 నవంబరులో కడుపునొప్పి, వాంతులు పట్టుకున్నాక కూడా మొదట అసలు సంగతి చెప్పలేదు. బయటపడ్డాక శస్త్రవైద్యులు మత్తు లేకుండానే కోశారు. అప్పటికే పేగు కుళ్ళింది. నవంబరు 20న ఆమె మరణించింది. డబ్బుకూ వైద్యులకూ కొదువలేని ఇంట్లో సిగ్గు ఒక్కటే ప్రాణం తీసింది.

దాదాపు అదే కాలంలో, అదే నగరంలో, విలియం చెసెల్డెన్ అనే శస్త్రవైద్యుడు 73 ఏళ్ళ వృద్ధురాలిని బతికించాడు. ఆమె బొడ్డు హెర్నియా పగిలి, ఇరవై ఆరు అంగుళాల పేగు చచ్చిపోయి బయటికి వచ్చింది. ఆయన చచ్చిన భాగాన్ని కోసి తీసేసి, బతికున్న పేగు కొసను పొట్ట మీదే వదిలాడు. మలం ఆ దారినే వెళ్తూ ఆమె జీవించింది. పేగును పొట్ట మీదికి తెరిచి ఉంచే నేటి శస్త్రచికిత్సకు పూర్వరూపాల్లో దీన్నీ చెబుతారు.

మత్తుమందు, హైదరాబాదు

నొప్పి తెలియకుండా చేయగలిగితే తప్ప పొట్ట గోడను నెమ్మదిగా విప్పి కుట్టడం సాధ్యం కాదు. 1846లో బోస్టన్‌లో ఈథర్, 1847లో ఎడిన్‌బరోలో క్లోరోఫాం వచ్చాయి. క్లోరోఫాంతో కొందరు రోగులు బల్ల మీదే హఠాత్తుగా చనిపోతుండేవారు. కారణం గుండెనా, ఊపిరా అన్న వాదానికి హైదరాబాదు వేదికైంది. రెసిడెన్సీ సర్జన్, హైదరాబాద్ మెడికల్ స్కూల్ అధిపతి ఎడ్వర్డ్ లారీ పూనికతో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బిచ్చి 1888లో ఒకటి, 1889లో మరొకటి క్లోరోఫాం కమిషన్‌లు నడిపించారు. రెండోదానికి లండన్ పత్రిక లాన్సెట్ తరఫున లాడర్ బ్రంటన్ వచ్చాడు. జంతువుల మీద వందలాది ప్రయోగాలు చేసి, ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలు, గుండెకు భయం లేదని తేల్చారు. అది తప్పని 1911లో ఎ. జి. లెవీ పరిశోధన చూపింది. తీర్పు తప్పైనా, మత్తిచ్చేటప్పుడు రోగి శ్వాసను క్షణక్షణం చూడాలన్న లారీ పట్టుదల వృథా కాలేదు. ఆయన శిష్యుల్లో రూపాబాయి ఫర్దూన్‌జీ మత్తు వైద్యంలో తొలి మహిళల్లో ఒకరిగా పేరు పొందింది.

మేయో కుట్టు, ఆ తర్వాత జాలి

పెద్దల బొడ్డు హెర్నియాకు నమ్మదగిన కుట్టును చెప్పినవాడు అమెరికా వైద్యుడు విలియం మేయో. 1901లో ప్రచురించిన వ్యాసంలో ఆయన రంధ్రపు అంచులను పక్కపక్కన కాక, పైన ఒకటి కింద ఒకటిగా పేర్చి కుట్టమన్నాడు. గూనపెంకులు పరిచినట్టు పై అంచు కింది అంచు మీదికి వస్తుంది. ఈ కుట్టు అర్ధశతాబ్దానికి పైగా పాఠ్యపుస్తకాలను ఏలింది. అయితే పొర పలుచనైన చోట లాగి కట్టిన కుట్టు మళ్ళీ తెగుతుంది. పెద్ద రంధ్రాల్లో హెర్నియా తిరిగి రావడం మామూలైంది.

లాగకుండా అతుకు వేయాలన్న ఆలోచనకు సరైన వస్తువు ప్లాస్టిక్ పరిశ్రమ నుంచి వచ్చింది. హ్యూస్టన్ వైద్యుడు ఫ్రాన్సిస్ అషర్ 1958లో పాలిథిలీన్ మెష్‌నూ, కొద్ది కాలానికి అల్లిన పాలిప్రొపిలీన్ మెష్‌నూ వాడాడు. శరీరం దాని కళ్ళ గుండా కొత్త కణజాలాన్ని అల్లుకుని గోడను గట్టిపరుస్తుంది. మన వైపు రోగులు దీన్నే ‘జాలి వేశారు’ అంటారు. చిన్న బొడ్డు రంధ్రానికి కూడా జాలి అవసరమా అన్న వాదం చాలాకాలం సాగింది. 2001లో స్పెయిన్‌లో 200 మంది మీద జరిగిన పరీక్షలో కుట్టు మాత్రమే వేసినవారిలో నూటికి 11 మందికి, జాలి వేసినవారిలో ఒక్కరికి హెర్నియా తిరిగొచ్చింది. 2018లో లాన్సెట్ ప్రచురించిన 300 మంది పరీక్షలో ఒకటి నుంచి నాలుగు సెంటీమీటర్ల రంధ్రాలకు ఆ లెక్క కుట్టుకు నూటికి 12, జాలికి 4. ఇప్పుడు ఒక సెంటీమీటరు దాటితే జాలి వైపే మొగ్గు. 1993లో లెబ్లాంక్, బూత్ పొట్ట ముందుగోడ హెర్నియాకు ల్యాప్రోస్కోపీతో జాలి వేయడాన్ని వివరించారు. పెద్ద రంధ్రాలకు, బాగా లావుగా ఉన్నవారికి అది మేలు. చిన్న బొడ్డు హెర్నియాకు తెరిచి చేయడమే సులువు, చవక.

జాలి ఖరీదు పేద రోగికి అడ్డు. దీనికి మన పొరుగునే ఒక జవాబు దొరికింది. మహారాష్ట్ర ధూలే జిల్లా దొండాయిచాలో పనిచేసిన రవీంద్రనాథ్ టోణ్‌గావ్‌కర్ అనే శస్త్రవైద్యుడు దోమతెర గుడ్డనే ముక్కలు చేసి, క్రిములు లేకుండా శుద్ధి చేసి హెర్నియాకు వాడాడు. 2003లో ఆయన ప్రచురించిన ఫలితాలను చూసి ఆఫ్రికా దేశాల వైద్యులూ దారి పట్టారు. ఉగాండాలో గజ్జల హెర్నియా ఉన్న మగవాళ్ళ మీద జరిపి, 2016లో ప్రచురించిన పరీక్షలో దోమతెర గుడ్డ ఏడాది తర్వాత ఖరీదైన జాలికి తీసిపోలేదు. అలాగని ఇంటి దోమతెరను కోసుకెళ్ళమని కాదు. దారపు రకం, శుద్ధి పద్ధతి రెండూ సరిగ్గా కుదరాలి.

లక్సెట్టిపేట నుంచి ఆపరేషన్ బల్ల దాకా

గోదావరి ఎడమ గట్టున ఉన్న లక్సెట్టిపేట 1905లో ఎలగందుల వైపు నుంచి కొత్త ఆదిలాబాద్ జిల్లాలోకి మారిన తాలూకా కేంద్రం. 2016 నుంచి మంచిర్యాల జిల్లాలో ఉంది. నిజాం కాలంలో ఇక్కడివారికి పెద్ద శస్త్రచికిత్స అంటే హైదరాబాదే. మూసీ ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి 1925లో తెరుచుకుంది, మంచిర్యాల మీదుగా వెళ్ళే కాజీపేట–బల్లార్షా రైలు మార్గం 1929 నాటికి పూర్తయింది. ఇరుక్కున్న పేగుకు గంటలే గడువు. రైలు కోసం ఎదురుచూసే రోగికి ఆ గడువు ఏపాటిదో చెప్పనక్కరలేదు.

1959లో వరంగల్‌లో వచ్చిన కాకతీయ వైద్య కళాశాల, అక్కడి ఎంజీఎం ఆసుపత్రి దూరాన్ని సగం చేశాయి. బొగ్గు బావుల కార్మిక కుటుంబాలకు సింగరేణి ఆసుపత్రులున్నాయి. 1986 చట్టంతో ఏర్పడిన వైద్య విధాన పరిషత్ తాలూకా స్థాయి ఆసుపత్రులను చేతికి తీసుకుంది. కరీంనగర్‌లో ప్రతిమ, చల్మెడ వైద్య కళాశాలల ఆసుపత్రులు, 2022 నవంబరులో మంచిర్యాల, జగిత్యాల, రామగుండంలో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాక లక్సెట్టిపేట రోగి గోదావరి మీది రాయపట్నం వంతెన దాటినా, మంచిర్యాల రోడ్డు పట్టినా శస్త్రవైద్యుడు దొరుకుతాడు. 2007లో మొదలై 2008లో రాష్ట్రమంతటికీ విస్తరించిన ప్రభుత్వ ఆరోగ్యశ్రీ పథకంలో హెర్నియా ఆపరేషన్లూ ఉన్నాయి. తెలంగాణలో కుటుంబానికి ఏడాది పరిమితి 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలైంది. ఇంత జరిగినా ఆలస్యం తగ్గడం లేదంటే దాని మూలం దూరంలోనో ఖర్చులోనో మాత్రమే లేదు. పొట్ట మగ డాక్టరుకు చూపించడానికి ఆడవాళ్ళు వెనుకాడతారు. ‘నొప్పి లేదు కదా’ అని మగవాళ్ళు నాట్లు, కోతలు దాటాక చూద్దామంటారు.

ఆపరేషన్ పెద్దదేమీ కాదు. పెద్దవాళ్ళకు నడుము దగ్గర ఇచ్చే మత్తుతోనో, ఆ చోట మాత్రమే మొద్దుబార్చో, పిల్లలకు పూర్తి మత్తుతోనో చేస్తారు. బొడ్డు కింద అర్ధచంద్రాకారపు కోత పెట్టి తిత్తిని చర్మం నుంచి విడదీసి, లోపలివి లోపలికి తోసి, రంధ్రాన్ని కుడతారు. అవసరమైతే కండర పొర వెనుక, పేగులకు తగలకుండా జాలి పరిచి, చివరగా బొడ్డు చర్మాన్ని మళ్ళీ లోపలికి కుట్టి బొడ్డు ఆకారం నిలుపుతారు. చాలామంది అదే రోజో మర్నాడో ఇంటికి పోవచ్చు. కొన్ని వారాలు బరువులెత్తకూడదు. పొగ, అధిక బరువు, అదుపులేని చక్కెర వ్యాధి ముందే సరిచేసుకుంటే గాయం బాగా మానుతుంది. మళ్ళీ బిడ్డను కనాలనుకునే స్త్రీకి, ప్రమాదం లేకపోతే, కాన్పుల తర్వాతే చేయడం మంచిది.

ఎప్పుడూ లోపలికి పోయే ఉబ్బు గట్టిపడి పోకపోతే, నొప్పి పుట్టి చర్మం ఎర్రబడితే, వాంతులై, మలం, గాలి ఆగిపోతే పేగు ఇరుక్కున్నట్టే. దాన్ని బలవంతంగా నొక్కకుండా, ఏమీ తినిపించకుండా, శస్త్రచికిత్స ఉన్న ఆసుపత్రికి అదే గంటలో తీసుకెళ్ళాలి.

శస్త్రవైద్యులను ఇప్పటికీ ఇబ్బందిపెట్టే రోగి, తాగుడుతో గానీ కామెర్ల వైరస్‌తో గానీ కాలేయం చెడి పొట్టంతా నీరు చేరినవాడు. ఇలాంటివారిలో అయిదోవంతు మందికి బొడ్డు హెర్నియా వస్తుంది. నీరు అదుపులోకి రాకముందు కోస్తే గాయం మానదు, కోయకుండా వదిలితే పలుచనైన చర్మం చిట్లి నీరంతా బయటికి రావచ్చు. ఈ చిట్లడాన్ని 1961లో వర్ణించిన ఫ్లడ్ అనే వైద్యుడి పేరుతోనే పిలుస్తారు. మందులతో ముందు నీరు తగ్గించి, ఆ తర్వాత అనువైన సమయం చూసుకుని ఆపరేషన్ చేయడం వైపు ఇప్పుడు ఎక్కువమంది మొగ్గుతున్నారు. కాలేయ మార్పిడికి నోచుకున్న కొద్దిమందికి ఆ బల్ల మీదే బొడ్డూ బాగుచేస్తారు.