షోలవరపు బాటపై మా కారు

మదరాసు నుండి నెల్లూరునకు పోవు పెద్దబాటలో, నగరము దాటిన కొంతసేపటికి షోలవరమను ఊరు వచ్చును. శ్రోతలలో పలువురు దానిని దాటియే యుందురు. ఆగి చూచినవారు తక్కువ. రెండవ ప్రపంచయుద్ధకాలమున అచ్చట విమానములు దిగుటకై బాట వేసిరి. యుద్ధము ముగిసినది, విమానములు పోయినవి, బాట మిగిలినది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బువారు దానిపై మోటారు పందెములు నడపిరి. సంక్రాంతి వెళ్లిన పిమ్మట జరుగు ఆ పందెములకు జనము విరగబడి వచ్చెడిది. నిలువ నీడ లేదు. ఎండ, దుమ్ము, పెట్రోలు వాసన. అయినను సాయంకాలము వరకు ఎవరును ఇల్లు చేరు ఊసెత్తెడివారు కారు.

ఆనాడు పందెపు కారు అను వస్తువు మన అంగళ్లలో దొరకెడిది కాదు. ఉత్తరపారాలో తయారగు అంబాసిడరు, బొంబాయి కుర్లాలో తయారగు ఫియటు, మదరాసులోనే తయారగు స్టాండర్డ్ హెరాల్డు, ఇవియే గతి. విదేశపు కారును దిగుమతి చేసికొనుట సామాన్యునకు అందని మాట. కావున వేగము కావలసినవాడు సంసారపు కారునే కోసి, అతికి, పందెపు కారుగా మార్చుకొనవలెను.

1972లో మేమును అట్టి పనికి పూనుకొంటిమి. నలుగురు మిత్రులము. ఒకరికి లేతు పని తెలియును, ఒకరికి వెల్డింగు తెలియును, ఒకరి తండ్రిగారికి షెడ్డు కలదు. నాలుగవవారికి ఉత్సాహము తప్ప మరేమియు లేదు. ఆ నాలుగవవారెవరో చెప్పనక్కరలేదు. పుదుప్పేట పాత సామానుల వీధిలో ఒక ముసలి ఫియటు దొరకినది. తలుపులు, సీట్లు, పైకప్పు ఊడబెరికి, రేకుతో తేలికయైన ఒడలు కట్టితిమి. ఇంజను 1089 సి.సి.; నాలుగు సిలిండర్లు. దాని బలము పెంచుటకు మాకు తెలిసిన ఉపాయము ఒక్కటే: సిలిండర్ల పైనుండు హెడ్డును అడుగున అరగదీయుట. అప్పుడు పెట్రోలు ఆవిరి మండు చోటు ఇరుకై, ఒత్తిడి హెచ్చి, పిస్టను మరింత బలముగా క్రిందికి దిగును. ఐతే హద్దు మీరినచో, ఆనాటి పెట్రోలు ఆ ఒత్తిడికి ఓర్వక ముందుగనే మండి, ఇంజను లోపల సుత్తితో కొట్టినట్లు మ్రోగును. వృద్ధుడైన మేస్త్రి ఒకరు, "చాలు నాయనా, ఇంక ముట్టకండి" అనిరి. మేము మరికొంత అరగదీసితిమి.

లేతు మిత్రుడు రెండవ కార్బురేటరు కొరకు తల్లిగారి గాజులు తాకట్టు పెట్టెనని మాకు పందెము ముందు రాత్రి గాని తెలియలేదు. తెలిసినను ఆగెడివారము కామేమో.

మరునాడు మూడు చుట్లు మా కారు ఎవరికిని తీసిపోలేదు. నాలుగవ చుట్టులో గాస్కెట్టు పగిలి, తెల్లని ఆవిరి లేచినది. హెడ్డు వంగిపోయినది. దానిని త్రోసికొనుచు బయటకు వచ్చుచుండగా జనము చప్పట్లు కొట్టిరి. వెక్కిరింపో, ఓదార్పో నేటికిని తెలియదు.

గాజులు విడిపించవలెను. కార్బురేటర్లు ఒకరికి, చక్రములు ఒకరికి, గేరుపెట్టె ఇంకొకరికి అమ్మితిమి. నాడు అందరును చేసినది ఇదియే. ఒక కారు చచ్చి నాలుగు కార్లకు అవయవములిచ్చెడిది. అందువలననే షోలవరమున పరుగెత్తిన ఆ సొంతచేతి కార్లలో చూపుటకు మిగిలినవి బహు స్వల్పము. గెలిచినవారి పేర్లు పత్రికలలో నిలిచినవి. షెడ్డులలో పుట్టిన బండ్లకు జాతకము వ్రాసినవారు లేరు.

తరువాతి కథ వేగముగా నడచినది. 1980 దశకము ఆరంభమున విజయ్ మాల్యా ఎన్‌సైన్ అను ఫార్ములా వన్ కారునే షోలవరమునకు తెచ్చి నడపెను. ఆ దశకము చివర కోయంబత్తూరు కరివర్ధన్ మారుతి ఇంజనుతో ఒకే అచ్చున పందెపు కార్లు చేయించెను. అట్టి కార్లతో తొలి పందెములాడిన నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ చేరెను. 1990లో శ్రీపెరుంబుదూరు చెంత ఇరుంగాట్టుకోట్టైలో క్లబ్బువారికి స్వంత బాట వెలసెను. షోలవరపు బాట మౌనము వహించెను.

మరుసటి ఏడు పందెమునకు ప్రేక్షకులముగా పోయితిమి. గెలిచిన కారు క్రింద వంగి చూడగా, గేరుపెట్టెపై మా వెల్డింగు మిత్రుని అతుకు కనబడినది. అతడు దానిని వ్రేలితో తడవి, ఏమియు అనక, బస్సు వైపు నడచెను. గాజులు అప్పటికి నెల క్రితమే ఇల్లు చేరినవి.