వండిన చేతికి వెల కట్టవచ్చునా?

హోసూరు దగ్గర పల్లెలో మా పినతండ్రి కొడుకు ఒకడున్నాడు. నాకు తమ్ముడు. వాడి కుమారుడు ఆ మధ్య నన్నొక ప్రశ్న అడిగాడు. నా ఈ ప్రసంగమంతా ఆ ప్రశ్నకు జవాబే అనుకోండి.

ఆ కుర్రవాడికి బొగ్గుల మీద మాంసం కాల్చే విద్య బాగా పట్టుబడింది. ఇప్పటి పిల్లలు బార్బెక్యూ అంటున్నారే, అదే. స్నేహితుల ఇళ్ళల్లో పుట్టినరోజైనా, కొత్త ఉద్యోగమైనా వీడికి కబురు వస్తుంది. మధ్యాహ్నం మూడు గంటలకు ముక్కలకు మసాలా పట్టించడం మొదలుపెడితే రాత్రి పదకొండింటికి బొగ్గులు ఆర్పి ఇల్లు చేరతాడు. ఒళ్ళంతా పొగ. అక్కడ అందరూ తిన్నాక మిగిలింది వీడు తింటాడు. "పెదనాన్నా, స్నేహితులను డబ్బు అడిగితే తప్పా?" అన్నాడు. పక్కనే ఉన్న వాళ్ళ నాన్న చుర్రున చూశాడు. "అన్నం అమ్ముకుంటావురా?" అన్నాడు.

ఈ మాట మీరూ మీ ఇళ్ళల్లో వినే ఉంటారు. అన్నం అమ్మరాదు, నీళ్ళు అమ్మరాదు అని పెద్దలు చెబుతూ వచ్చారు. అయితే ఆ పెద్దల కాలంలోనే వండినవాడి కష్టానికి ఏమి ముట్టేదో ఎవరైనా అడిగారా? మనం అడుగుదాం. శాసనాలు కొంత చెబుతాయి.

గుంటూరు జిల్లా మల్కాపురంలో 1261 నాటి శాసనం ఒకటి ఉంది. రాణి రుద్రమదేవి ఏలుబడిలో, విశ్వేశ్వర శంభువు అనే శైవగురువు కాలంలో వేయించినది. అక్కడ గుడి, మఠం, ప్రసూతిశాల, వాటితోపాటు అన్నసత్రం. సత్రంలో కులం అడగకుండా అందరికీ అన్నం పెట్టాలన్నారు. తినేవాడు కాసు ఇవ్వనక్కరలేదు. కాని అదే శాసనంలో అక్కడి పనివారికి, వంటవారితో సహా, జీవనానికి భూములు ఏర్పరచారు. అన్నం ఉచితం, వంటవాడి చాకిరీ ఉచితం కాదు. ఈ రెండింటినీ ఆనాటివారు వేరుగా చూశారు. మా తమ్ముడు ఒకటిగా కలిపేశాడు.

తమిళనాట ఉన్న శ్రోతలకు తంజావూరు ఛత్రాలు తెలిసే ఉంటాయి. నాయకరాజుల తెలుగు కొలువు పోయి మరాఠా రాజులు వచ్చాక, రామేశ్వరం వెళ్ళే యాత్రికుల కోసం దారి పొడవునా కట్టించినవి. 1801లో శరభోజి రాజు ఆ ఛత్రాలకు లోటు రానివ్వవద్దని ఆంగ్లేయుల రెసిడెంటుకు జాబు రాశాడు. రాజ్యం చేజారిపోతూ ఉంటే ఆయన పట్టుబట్టి అడిగినవాటిలో ఇదొకటి. ఆ ఛత్రాల ధర్మం నడిచిందీ వాటికని కేటాయించిన భూముల ఆదాయం మీదనే.

ఒడిశా శ్రోతలకు ఇంకా దగ్గరి ఉదాహరణ పూరీలో ఉంది. జగన్నాథుని వంటశాలలో మట్టికుండల్లో, కట్టెల పొయ్యిల మీద వండే సేవకులను సువారులు అంటారు. స్వామికి నివేదన అయిన అన్నం మహాప్రసాదం. దాన్ని ఆలయ ప్రాకారంలోనే ఉన్న ఆనందబజారులో ఆ సువారులే అమ్ముతారు. పేరులోనే బజారు ఉంది చూడండి. కొనుక్కుని ఒకే ఆకులో అందరూ కలిసి తింటారు. అన్నం అమ్మారని అక్కడ ఎవరూ ముక్కున వేలు వేసుకోరు.

ఇక ఊళ్ళో పూటకూళ్ళ ఇల్లు. క్రీడాభిరామం అనే గ్రంథంలో ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధుల్లో తిరిగి, ఒక రూకకు కమ్మని భోజనం పెట్టే ఇంటికి వెళతారు. అంటే డబ్బుకు అన్నం పెట్టడం మనకు ఇంగ్లీషువాళ్ళు నేర్పినది కాదు. కాని ఆ వృత్తికి గౌరవం మాత్రం దక్కలేదు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కం 1892లో మొదట ప్రదర్శించారు. అందులో పూటకూళ్ళమ్మను తలచుకోండి. భర్త పోయిన ఆడదానికి పొయ్యి తప్ప వేరే ఆధారం లేని రోజులు. ఆవిడ అన్నం తిన్నవాళ్ళే ఆవిడ గురించి నోటికి వచ్చినట్టు మాట్లాడతారు. అదే కాలంలో యానాం శ్రోతలకు దగ్గరలోనే, కోనసీమలోని లంకల గన్నవరంలో, డొక్కా సీతమ్మగారు దారిన పోయే ప్రతివారికీ అన్నం పెట్టి 1909లో కన్నుమూశారు. ఆమెను అన్నపూర్ణ అన్నాం. తగిన పేరే. కాని ఆమె వెనుక పంటభూములు ఉన్నాయి. పూటకూళ్ళమ్మకు పొయ్యి ఒక్కటే ఉంది. ఇద్దరి వంటలోనూ కష్టం ఒకటే కదా అని నాకు అనిపిస్తుంది.

ఉచితంగా వండటంలో ఇంకో రకం ఉంది. బీదర్, రాయచూరు, కలబురగి, నాందేడు జిల్లాల్లో ఉన్నవారు ఇది తాతల నోట వినే ఉంటారు. 1948 దాకా నిజాం రాజ్యంలో దొరలకు, మకాం వేసిన అధికార్లకు ఊరు వెట్టి చేసేది. కోళ్ళు, పొట్టేళ్ళు, కట్టెలు, కుండలు, వాటితోపాటు మోసే భుజాలు, కడిగే చేతులు, అన్నీ ఊరికే. ఆంధ్ర మహాసభ గట్టిగా ఎత్తుకున్న సమస్యల్లో వెట్టి ఒకటి. ఆ విందుల్లో తిన్నవాడు దొరగారి మర్యాదను మెచ్చుకున్నాడు. పొయ్యి దగ్గర ఉన్నవాడి పేరు ఎవరికీ తెలియదు.

మా కుర్రవాడి బార్బెక్యూ కథా ఇంతే. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో, పంతొమ్మిదో శతాబ్దంలో, ఎన్నికల సభలకు పెద్ద గోతులు తవ్వి, నిప్పులు పోసి, రాత్రంతా మాంసం కాల్చి జనానికి ఊరికే పెట్టేవారు. ఆ రాత్రంతా మేలుకుని నిప్పు చూసిందెవరు? చాలా చోట్ల బానిసలైన నల్లవారు. 1865లో బానిసత్వం రద్దయ్యాక వారిలో కొందరు అదే విద్యతో కూలికి వండారు, అంగళ్ళు పెట్టుకున్నారు. డబ్బు అడగగలగడమే వారికి స్వేచ్ఛ వచ్చిన గుర్తు. ఈ సంగతి చెబితే కుర్రవాడు చాలాసేపు మాట్లాడలేదు.

కాని స్నేహితుడు దొర కాడు కదా, అంటారు మీరు. నిజమే. స్నేహితుల మధ్య డబ్బు ఉండదు, బదులు ఉంటుంది. నీ పొలంలో నేను, నా పొలంలో నువ్వు. మహారాష్ట్ర పల్లెల్లో పన్నెండు బలుతాల్లో ఒకడైన ములాణి మేకను కోసినందుకు మాంసంలో వాటా తీసుకునేవాడు. నోట్లు లేవు గాని లెక్క ఉంది. పెళ్ళిలో ఇచ్చే డబ్బును మనం చదివింపులు అంటాం. కన్నడంలో ముయ్యి, తమిళంలో మొయ్. ఎవరు ఎంత ఇచ్చారో పుస్తకంలో రాస్తారు. వాళ్ళింట శుభకార్యం వచ్చినప్పుడు ఆ పేజీ తీసి చూసి, దానికి కొంత కలిపి తిరిగి ఇస్తారు. పుదుక్కోట్టై, తంజావూరు ప్రాంతాల్లో అయితే ఆషాఢంలో ప్రత్యేకంగా మొయ్ విందులే పెడతారు. పొట్టేలు కోసి అందరికీ భోజనం పెడతారు, వచ్చినవారు డబ్బు రాయిస్తారు. దాన్ని అన్నం అమ్మడం అని ఎవరూ అనరు. ఊరి బ్యాంకు అనుకోండి.

మా తమ్ముడి ఇంట్లోనూ అలాంటి పుస్తకం ఉంది. ఎర్ర అట్ట, మూలలు నలిగిపోయాయి. వాడూ చేయి తిరిగిన వంటగాడే. పొట్టేలు కూర, రాగి సంగటి వాడు చేస్తే చుట్టుపక్కల పేరు. ముప్పై ఏళ్ళు స్నేహితుల ఇళ్ళల్లో వండాడు. ఒక్క రూపాయి తీసుకోలేదు. వాడి కూతురి పెళ్ళి వచ్చింది. వాడు కన్యాదానం చేయాలి, గరిట పట్టడం కుదరదు. ఎవరైనా వస్తారని చూశాడు. అందరూ వచ్చారు, సరిగ్గా భోజనాల వేళకు. చివరికి పక్క ఊరి నుంచి వంటవాణ్ణి బయానా ఇచ్చి పిలిపించాడు.

పెళ్ళయ్యాక ఇద్దరం ఆ పుస్తకం ముందేసుకుని కూర్చున్నాం. ఎవరు నూటపదహార్లు, ఎవరు ఐదువందలు, ఎవరు ఇత్తడి బిందె, అన్నీ ఉన్నాయి. వాడు పొయ్యి దగ్గర గడిపిన రాత్రి ఒక్కటీ ఏ ఇంటి పుస్తకంలోనూ లేదు. మోసం ఎవరూ చేయలేదు. రాసే అలవాటు లేదు, అంతే. ఆ రోజు వాడు ఏమీ అనలేదు. పుస్తకం మూసి బీరువాలో పెట్టాడు.

అందుకే కుర్రవాడికి నేను చెప్పిందిది. మాంసం, బొగ్గులు, నూనె పిలిచినవాళ్ళే తెచ్చుకోవాలి. నీ చేతికి ఎంతో ముందే చెప్పు, నిప్పు అంటించాక కాదు. ఎవరింట నీకు అన్నం పెట్టారో, ఎవరు నీకు కష్టంలో తోడు నిలిచారో వాళ్ళ దగ్గర అడగవద్దు. ఆ లెక్క వేరే పుస్తకంలో ఉంది. ఒక మాట అడిగినందుకే పోయే స్నేహితుడుంటే వాడి సంగతి నీకు ఇప్పుడే తెలిసింది.

వాడు అలాగే చేశాడట. మొదటిసారి డబ్బు తెచ్చిన రాత్రి వాళ్ళ నాన్న భోజనానికి లేవలేదు. మరునాడూ ముభావంగానే ఉన్నాడు. మూడో రోజు పొద్దున అరుగు మీద కూర్చుని, కొడుకును పిలిచి, ఎంతమందికి చేశావురా అని అడిగాడు. ముప్పైమందికి అన్నాడు వాడు. ఎంత తీసుకున్నావన్నాడు. చెప్పాడు.

"ముప్పైమందికి అంతేనా?" అన్నాడట మా తమ్ముడు.